అనంతపురం వెళ్లిన చిత్రిక

నేను ఒక చిత్రికను. చెక్క ఎక్కడ తల ఎగరేస్తే అక్కడ దాని పొగరు దించడం నా వృత్తి. జానెడున్నర పొడవు, చండ్ర కొయ్యతో చేసిన ఒళ్లు, నడుములో ఏటవాలుగా ఒక ఉక్కు బ్లేడు, ఆ బ్లేడు కదలకుండా వెనక నుంచి నొక్కిపెట్టే చిన్న బిగింపు కొయ్య. అంతే నా ఆస్తి. మీ ఇంటి తలుపు మీద చెయ్యి వేసి రాస్తే నున్నగా తగులుతుంది చూడండి, అది మావాళ్ల చలవ. మీరు మాత్రం ఆ మెప్పంతా పాలిష్ కొట్టినవాడికి ఇస్తారు. పోనివ్వండి, నాకు అలవాటైపోయింది.

నన్ను చేసిన మనిషి కొమ్మోజు అప్పలాచారి. విశాఖపట్నం కంచరపాలెంలో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. చండ్ర దుంగ ఒకటి సంపాదించి, దాన్ని రెండేళ్లు అటక మీద ఆరబెట్టి, ఆ తర్వాతే నన్ను చెక్కాడు. నా బ్లేడు ఒకప్పుడు లారీ కమాను పట్టీ. దాన్ని ఆయన బావమరిది కొలిమిలో కాల్చి సాగగొట్టాడు. ఏటా దసరాకు నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పువ్వు పెట్టి దండం పెట్టేవాడు అప్పలాచారి. మర్నాటి నుంచి మళ్లీ దసరా దాకా రోజూ నన్ను తిట్టేవాడు. మనుషుల భక్తి ఇంతేనని నాకు చిన్నతనంలోనే తెలిసింది.

ముప్పై ఏళ్లు ఆయన దగ్గర చాకిరీ చేశాను. గుమ్మాలు, మంచాలు, ఉయ్యాలలు, ఒకటో రెండో నాటకాల సింహాసనాలు కూడా. అప్పలాచారి పనిలో ఒకటే సూత్రం. మందం ఉండాలి. మంచం పట్టె మీద ఇద్దరు మనుషుల్ని ఎక్కించి గెంతించి చూస్తే గానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. ఆ తర్వాత కరెంటు చిత్రిక ఒకటి వచ్చింది. దాని గోల వీధి చివరికి వినిపించేది. నన్ను తీసుకెళ్లి సంచి అడుగున పడేశాడు. నాకు చాలా కోపం వచ్చింది.

ఆ సంచి అడుగు నుంచి నేను బయటపడింది ఒక శ్రావణ మాసపు వానలో. జ్ఞానాపురంలో ఒక మేడ మీది వాటాలో వీధి తలుపు ఉబ్బి, గుమ్మంలో ఇరుక్కుపోయి, మూసుకోవడం మానేసింది. అప్పలాచారిని పిలిచారు. ఆ రోజు కరెంటు లేదు. అందుచేత కరెంటు చిత్రిక గోడవారన మూగదానిలా కూర్చుంది, నేను చేతిలోకి వచ్చాను. ఆ ఇల్లు మద్దాల ఎస్తేరుది. ముప్పై నాలుగేళ్లు ఉంటాయి అప్పటికి. ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. భర్త సంసోను సిటీ బస్సు డ్రైవరు. తలుపు పని జరుగుతున్నంతసేపూ ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడి నుంచి కదల్లేదు.

"ఏటమ్మా అలగ సూత్తన్నావు? నీ తలుపు ఎత్తుకుపోతాననా?" అన్నాడు అప్పలాచారి.

"ఒక్కసారి నన్ను తొయ్యనివ్వండి బాబాయ్."

మొదటి తోపుకు నేను కరుచుకుపోయాను. కొత్త చేతులంటే నాకు పడదు. రెండోసారి ఆవిడ చేతి బలం మానేసి, ఒంటి బరువును నా మీద వాల్చి తోసింది. తలుపు అంచు పొడవునా ఒకే పొట్టు, ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. ఎస్తేరు దాన్ని తీసి వాసన చూసింది. పొట్టును ఊడ్చిపారేసేవాళ్లను చూశాను, పొయ్యిలో పెట్టేవాళ్లను చూశాను గానీ, వాసన చూసే మనిషిని అదే చూడటం. నాకు ఆవిడ నచ్చింది.

ఆ వారంలోనే నేను చేతులు మారాను. "నాకాడ ఒట్టినే పడుంది, నువ్వట్టుకుపో" అన్నాడు అప్పలాచారి. బదులుగా ఎస్తేరు టిఫిను క్యారియరు నిండా చందువాల పులుసు పంపింది. ముప్పై ఏళ్ల నా సేవకు చేపల పులుసు వెల కట్టారన్నమాట. పులుసు బాగుందని మాత్రం విన్నాను.

ఇక మొదలైంది ఆవిడ సరదా. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మేడ మీది వసారాలో చెక్కలు పరుచుకుని కూర్చునేది. పోపుల పెట్టె, బైబిలు పెట్టుకునే వ్యాసపీఠం, చెప్పుల అర, ఆ తర్వాత వరసగా స్టూళ్లు. బంధువుల్లో స్టూలు అందని ఇల్లు లేదు. కొందరికి రెండేసి అందాయి. ఆవిడ వస్తోందంటే చాలు, సందులో మళ్లీ స్టూలు కనిపిస్తుందేమోనని కిటికీలోంచి తొంగిచూసేవాళ్లట. సంసోనే చెప్పి నవ్వేవాడు.

స్టూళ్ల నుంచి గిటారుకు దారి చూపించింది ఒక ప్రమాదం. క్రిస్మస్ పాటల సాధనలో చర్చి గిటారు బల్ల మీంచి జారి పడింది. పై పలక లోపలికి కుంగిపోయింది. పారేద్దామన్నారు పెద్దలు. ఎస్తేరు ఇంటికి తెచ్చి, ఆ పలకను జాగ్రత్తగా విప్పి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. ఆశ్చర్యపోయిందని నాకు అర్థమైంది, ఎందుకంటే నేనూ ఆశ్చర్యపోయాను. లోపల బరువైనది ఏమీ లేదు. చిటికెన వేలంత పట్టీలు నాలుగు, వాటి మీద మూడు మిల్లీమీటర్లు కూడా లేని పలక. ఆరు తీగల లాగుడంతా ఆ పల్చటి చెక్క మోస్తోంది. ఇంకొంచెం పల్చగా ఉంటే విరిగేది. విరగబోయే దాకా వెళ్లి ఆగింది కాబట్టే అది పాడుతోంది. మా అప్పలాచారి చూస్తే గుండె పట్టుకుని కూర్చునేవాడు.

"నేనొకటి చేస్తాను," అంది ఎస్తేరు.

"చర్చికి గిటారు కొనివ్వచ్చు కదే," అన్నాడు సంసోను.

"కొనడానికి నేనెందుకు?"

మొదటి గిటారు స్టూళ్లు చేసిన చేతులతో చేసింది. అంటే మీకు అర్థమైపోయింది. పై పలక అర అంగుళం. లోపల పట్టీలు పెద్ద పీటకు సరిపోతాయి. తీగలు కట్టి మీటితే తలుపు మీద ఎవరో మర్యాదగా తట్టినట్టు వినిపించింది. సంసోను దాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, "దీని మీంచి బస్సు పోనిచ్చినా ఏటీ అవదు" అన్నాడు. అప్పలాచారి మాత్రం పిలిపించుకుని మరీ చూసి, వేళ్లతో కొట్టి, "పనంటే ఇదీ!" అని మెచ్చుకున్నాడు. ఆయన మెప్పు విన్నాక ఎస్తేరుకు తన తప్పేమిటో తెలిసింది.

ఆ తర్వాత నన్ను మార్చింది. బ్లేడు బయటికొచ్చే నా నోట్లో చిన్న ఇనప ముక్క అతికించి దాన్ని ఇరుకు చేసింది. ఇక లావు పొట్టు నాలోంచి రాదు. తీసేదంతా ఉల్లిపొర మందమే. ముప్పై ఏళ్లు ముద్దలు మింగినదాన్ని, ఒక్కో మెతుకూ ఏరుకు తినమన్నట్టు అయింది నా పరిస్థితి. మొదట్లో అవమానంగా అనిపించింది. తర్వాత అందులోనే అసలు పని ఉందని ఒప్పుకున్నాను.

రెండో గిటారు మరీ పల్చన చేసింది, తీగలు బిగించిన మూడో రోజుకి పై పలక లోపలికి కుంగిపోయింది. మూడోదానికి గొంతు ఉన్నా మెడ వంకర. నాలుగు తోపులు తోసి ఆగడం, పలకను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టి వినడం, బొటనవేళ్లతో నొక్కి వంచి చూడటం, మళ్లీ నాలుగు తోపులు. మూడేళ్లు ఆదివారాలన్నీ అలాగే పోయాయి. చెడిపోయినవాటిని ఆవిడ దాచలేదు. వసారా గోడకు వరసగా తగిలించి, పెన్సిలుతో కింద ఏం తప్పు జరిగిందో రాసింది. ల్యాబు మనిషి కదా. నాలుగోది పాడింది. చర్చిలో పాటల గుంపు దాన్ని పుచ్చుకుని మళ్లీ ఇవ్వలేదు.

ఆ నాలుగో గిటారును విన్నవాడు నూర్ అహ్మద్ మాస్టారు. అనంతపురంలో ఇరవై ఆరేళ్లుగా గిటారు నేర్పుతున్నాడు. తన శిష్యురాలి పెళ్లి ఎస్తేరు వెళ్లే చర్చిలోనే అయితే, దానికి జ్ఞానాపురం వచ్చాడు. పెళ్లిలో పాటల గుంపు చేతిలో ఉన్న గిటారును అడిగి తీసుకుని, రెండు నిమిషాలు వాయించి, తిప్పి చూసి, లోపల కంపెనీ చీటీ ఏదీ కనిపించక, "ఎవరు చేసినారు దీన్ని?" అన్నాడు.

"నేనేనండి," అంది ఎస్తేరు, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

"నాకొకటి చెయ్యల్లమ్మా. నా చేతులు సూడు, ఎంత చిన్నవో. కంపెనీవోళ్లు చేసేదంతా పెద్ద చేతులోళ్లకే. ఇరవై ఆరేండ్లు వేరేవాళ్ల కొలతకు వాయిస్తాండా. ఒక్కటి నా కొలతకు కావల్ల."

ఇంతవరకూ ఎస్తేరు చేసినవన్నీ ఎవరూ అడగనివి. అడిగినది ఇదే మొదలు. ఇంటికొచ్చి రెండు వారాలు సరిగా నిద్రపోలేదు. తర్వాత ల్యాబులో జీతం లేని సెలవు అడిగింది, ఆగస్టు నుంచి మార్చి ఆఖరు దాకా. ఏప్రిల్ ఒకటిన రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారని పెద్ద డాక్టరు ముందే చెప్పాడు. సంసోను కూడా ఒకే మాట అన్నాడు. "ఈ ఎనిమిది నెలలూ సూడు. ఆ మాస్టారి గిటారు నిలిస్తే ఇదే నీ పని. నిలవకపోతే ల్యాబుకి పోదువుగాని. రెండిట్లో కాలెట్టి నలిగిపోకు." ఆవిడ సరేనంది.

ఓడల్లో సరుకు కదలకుండా కింద పేర్చే చెక్కలుంటాయి. మంచు దేశాల నుంచి వస్తాయి. తెల్లగా, తేలిగ్గా, గీతలు వరసగా ఉంటాయి. హార్బరు బయట అడితిలో గుట్టలు పోసి అమ్ముతారు, మనవాళ్లు సెంట్రింగుకు కొడతారు. ఎస్తేరు వారం రోజులు ఆ గుట్టల్లో తిరిగి, ఒక్కో చెక్కనూ తట్టి విని, పై పలకకు ఒకటి ఏరింది. వెనక పలకకూ పక్కలకూ పాత సామాన్ల కొట్లో దొరికిన ఇరుగుడు మంచం తలవైపు పలక. మెడకు టేకు. అన్నింటి మీదా నేను నడిచాను. అంత ఇష్టంగా నేనెప్పుడూ పని చెయ్యలేదు.

సెప్టెంబరు అంతా వాన. ఉతికిన బట్టలు మూడు రోజులకు కూడా ఆరలేదు. ఉప్పు జాడీలో నీళ్లు ఊరాయి. నా బిగింపు కొయ్య ఉబ్బిపోయి, దాన్ని ఊడదీయడానికి రోజూ సుత్తితో కొట్టాల్సి వచ్చేది. ఆ వానల్లోనే ఎస్తేరు లోపలి పట్టీలను పై పలకకు అడ్డంగా అతికించింది. తోళ్లు కాచి తీసిన వజ్రం అనే బంక అది, అప్పలాచారి నేర్పినది, వేడి చూపిస్తే మళ్లీ ఊడివస్తుంది. అతుకు చక్కగా కుదిరింది. ఆవిడ సంతోషించింది, నేనూ సంతోషించాను. మా ఇద్దరి బుర్రల్లోనూ ఉన్నది కొయ్యే మరి.

నవంబరులో నూర్ అహ్మద్ వచ్చాడు. వసారాలో స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని అరగంట వాయించాడు. తర్వాత ఎస్తేరు రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుని, గిటారును అనంతపురం తీసుకెళ్లాడు. ఆ కబురు పాకి ఇంకో ఇద్దరు గిటార్లు అడిగారు. ఎస్తేరు వాటికి చెక్క కోసింది. ఆ నాలుగు నెలలూ ఆవిడ పాడుకుంటూ పని చేసింది. గొంతు బాగుండదు, అయినా విన్నాను.

మార్చి నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఏమమ్మా ఎస్తేరమ్మా, బాగుండావా? ఆయప్ప బాగుండాడా? ఆడ ఎండలెట్లున్నాయి?" నూర్ అహ్మద్ గొంతు. అడిగినవే మళ్లీ అడుగుతున్నాడు.

"మాస్టారూ, గిటారు ఎలా ఉంది?"

"పగిలిందమ్మా. తీగలు కట్టినకాడి నుంచి కిందికంటా, దారం పెట్టి కోసినట్ల చీలిపాయ. నేనేం కింద పడెయ్యలేదమ్మా, నా బిడ్డల మీద ఒట్టు."

ఎస్తేరు నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత ఏడ్చింది. మనుషుల ఏడుపు నేను చాలా ఇళ్లల్లో విన్నాను గానీ ఆ రోజు నాకు నిజంగా బాధేసింది. ఆ పలకను పల్చన చేసింది నేను. నేనే ఎక్కడో ఎక్కువ తినేశానేమోనని నాకు అనుమానం.

సలహాలకు లోటు లేదు. అప్పలాచారి వచ్చి, "రంపప్పొట్టు బంకలో కలిపి ఆ సందులో కూరీసి పాలిషెట్టీ. నేను ఎన్ని తలుపులకి ఎట్టలేదూ!" అన్నాడు. సంసోను చెడ్డవాడు కాదు, కానీ భయపడ్డాడు. "ఎండలో ఎట్టేరేమోనని అడుగు. ఎట్టే ఉంటారు. ఒకటో తారీకున ల్యాబుకి పోదువుగాని. సరదాకి మన చర్చికి చేసుకో, ఎవరొద్దన్నారు?"

"ఎందుకు పగిలిందో తెలియకుండా నేను ఎక్కడికీ పోను," అంది ఎస్తేరు.

అనంతపురానికి టికెట్టు తీసుకుంది. చీలికను లోపల నుంచి అతకడానికి ముక్కలు, వజ్రం, ఉలులు, ఎందుకైనా మంచిదని పై పలకకు సరిపోయే ఓడ చెక్క ఇంకొకటి. నన్ను ఆవిడ పాత ల్యాబు కోటులో చుట్టి సంచిలో పెట్టింది. కోటుకు ఇంకా మందుల వాసన వస్తోంది. రైల్లో నా కింద ఎవరిదో మామిడికాయల బుట్ట. పుట్టిన ఊరు దాటి వెళ్లడం నాకదే మొదటిసారి.

అనంతపురం గాలి నాకు తగలగానే ఒళ్లు బిగుసుకుంది. గాలిలో తడి అన్నది లేదు. నూర్ అహ్మద్ ఇంట్లో ఆయన భార్య ముంతాజ్ బేగం ఎస్తేరుకు మరమరాల ఉగ్గాని పెట్టి, మజ్జిగ మీద మజ్జిగ తాగించింది. గిటారు మంచం మీద, దుప్పటి కప్పి, జ్వరం వచ్చిన పిల్లలా పడుకుని ఉంది. ఎండ పొడ కూడా తగలని గది అది. ఎస్తేరు చీలికను వేలితో తడిమింది. మొదటి రెండు రోజులూ కొలతలు తీసుకుంటూ, రాసుకుంటూ, తల పట్టుకుంటూ గడిపింది. పలక మందం ఎక్కడా తక్కువ లేదు. నా మీద నింద పోయింది. కారణం మాత్రం దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, అతుకు ముక్కను నున్నగా చేద్దామని ఆవిడ నన్ను ఎత్తింది. ఎత్తగానే నా బిగింపు కొయ్య ఊడి కింద పడింది. దాని వెనకే బ్లేడు కూడా జారి నేల మీద ఠంగుమని మోగింది.

నాకు సిగ్గేసింది. పుట్టినప్పటి నుంచి ఎవరూ సుత్తి లేకుండా ఊడదీయలేని బిగువు నాది. ఎస్తేరు ఆ కొయ్యను తీసి మళ్లీ పెట్టింది. వదులు. మళ్లీ పెట్టింది. వదులే. సెప్టెంబరులో దీన్నే సుత్తితో కొట్టి కొట్టి ఊడదీసేది. ఆవిడ నన్ను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా వైపు చూసింది, మంచం మీది గిటారు వైపు చూసింది. తర్వాత గట్టిగా నవ్వింది. ముంతాజ్ బేగం వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"పొట్టి అయిపోయింది! చెక్క అడ్డంగా పొట్టి అయిపోయింది మాస్టారూ!" అంది ఎస్తేరు. "వానల్లో ఉబ్బి ఉన్నప్పుడు అతికించాను. ఇక్కడికొచ్చాక అది ఆరి, దగ్గరికి ముడుచుకోవాలని చూసింది. లోపల పట్టీలు అడ్డంగా పట్టుకుని ముడుచుకోనివ్వలేదు. ఇంకేం చేస్తుంది? చీలింది."

తలుపులు, మంచాలు చేసేవాళ్లం, మాకు ఈ సంగతి తెలియక కాదు. తలుపు ఉబ్బితే చిత్రిక పడతాం, ఎండాకాలం సందు వస్తే ఊరుకుంటాం. తలుపులో చెక్క ఊపిరి పీల్చుకోవడానికి చోటుంటుంది. గిటారులో ఉండదు. ఆ తేడా ఎస్తేరుకూ నాకూ ఇద్దరికీ తట్టలేదు.

నూర్ అహ్మద్ ఊపిరి పీల్చుకున్నాడు. "తెలిసిపాయ కదా. అతుకేసియ్ చాలు. నాకేమీ బాధ లేదమ్మా. ఎల్లుండి బండెక్కితే ఒకటో తారీకుకు నీ ఉద్యోగం నీకుంటాది."

"అతుకేస్తే దాని పక్కన ఇంకోచోట పగులుతుంది మాస్టారూ. పై పలక మొత్తం తీసెయ్యాలి. కొత్తది ఇక్కడే, ఈ గాలిలో ఆరబెట్టి, ఇక్కడే అతికించాలి. ఇరవై రోజులు పడుతుంది."

"నాకు అతుకు చాలంటాండా కదా!"

"మీకు చాలు. నాకు చాలదు."

ఆ సాయంత్రం ల్యాబుకు ఫోను చేసింది. నన్ను ఒళ్లో పెట్టుకుని చేసింది కాబట్టి మాటలన్నీ నాకు వినిపించాయి. ఆలోచించుకోమన్నాడు పెద్ద డాక్టరు. "నాలుగేళ్లు ఆలోచించానండి. నేనింక రాను," అంది. తర్వాత సంసోనుకు చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల బస్సుల హారన్లు మోగుతున్నాయి.

"ఇరవై రోజులా?" అన్నాడు సంసోను. "మరి చీరలు నాలుగే కదా అట్టుకెళ్లేవు. అనంతపురం బస్సులో మనోళ్లున్నారు, ఇచ్చి పంపనా?"

ఎస్తేరు ఫోను పట్టుకునే ఏడ్చేసింది, ఈసారి సంతోషంతో. సంసోనంటే నాకు అప్పటిదాకా పెద్ద అభిప్రాయం లేదు. ఆ సాయంత్రం మార్చుకున్నాను.

ఆ ఇరవై రోజుల్లో చెక్క పని కంటే తూకం పనే ఎక్కువ జరిగింది. ఓడ చెక్కను రెండు పలకలుగా కోయించి నీడన ఆరబెట్టి, రోజూ పొద్దున్నే వీధి చివర కిరాణా కొట్టుకు మోసుకెళ్లి తూయించేది. కొట్టాయన పేరు నాగిరెడ్డి. మొదటి రోజు అనుమానంగా చూశాడు. నాలుగో రోజుకు ఆయనే ఎదురుచూడటం మొదలుపెట్టాడు. "ఏమ్మా, ఇయ్యాల ఎంత తగ్గింటాదంటావు?" అని బెల్లం కొనడానికి వచ్చినవాళ్లను ఆపి మరీ తూచేవాడు. ఎస్తేరు ప్రతి తూకాన్నీ ల్యాబులో లాగే తారీకు వేసి రాసుకుంది. చెక్కలోంచి నీరు పోతున్నకొద్దీ బరువు తగ్గుతుంది. పదకొండో రోజు, పన్నెండో రోజు, పదమూడో రోజు ఒకటే తూకం వచ్చింది. ఇక పోవడానికి చెక్కలో నీరు లేదని తేలింది. ఆ రోజు నాగిరెడ్డి తన గెలుపే అన్నట్టు అందరికీ తలో బెల్లం ముక్క పంచాడు.

నాకు కొత్త బిగింపు కొయ్య చెక్కింది, ఇరుగుడుతో. వేడి కత్తితో పాత పలకను ఊడదీసింది. కొత్త పలక మీద నేను నడిచాను. ఆ పొడి గాలిలో నాలోంచి వచ్చిన పొట్టు ఫ్యాను గాలికి ఇల్లంతా ఎగిరి, ముంతాజ్ బేగం బిర్యానీ గిన్నెలో కూడా పడింది. ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టి, మళ్లీ గరిటె తిప్పుకుంది. లోపలి పట్టీలకు ఈసారి ఎస్తేరు కాస్త వంపు పెట్టింది, పలక మధ్యలో బుగ్గలా కొంచెం పైకి ఉండేటట్టు. ముడుచుకోవాలనిపిస్తే ఆ బుగ్గ కిందికి దిగుతుంది, చీలదు. వానాకాలంలో ఉబ్బితే ఇంకొంచెం పైకి లేస్తుంది, అంతే. అతికించే ముందు పలక అడుగున పెన్సిలుతో పేరు రాసుకుంది. ఇంతకుముందు దేని మీదా రాసుకోలేదు.

తీగలు కట్టాక నూర్ అహ్మద్ వాయించి చూసి, ముఖం వెలిగిపోతున్నా, తొందరపడి మెచ్చుకోలేదు. "రోహిణి కార్తె దాటనీమ్మా," అన్నాడు. "మా ఊరి ఎండ అప్పుడు సూడల్ల. అది దాటితే ఇంక దీనికి సావు లేదు."

మేము విశాఖపట్నం తిరిగొచ్చాం. ఎస్తేరు వసారాలో ఒక మూల ప్లైవుడ్ బీరువా లాంటిది కట్టి, లోపల రెండు బల్బులు, గాలిలో తడి చూపించే చిన్న మీటరు పెట్టింది. సగం అయిన ఆ రెండు గిటార్ల పట్టీలనూ ఊడదీసి, పలకల్ని ఆ బీరువాలో ఆరబెట్టింది. అడిగినవాళ్లకు ఫోను చేసి ఆలస్యమవుతుందని, ఎందుకో కూడా దాచకుండా చెప్పింది. ఒకతను వద్దన్నాడు. ఒకావిడ ఆగుతానంది. బంధువులు వచ్చి, నెల తిరిగితే వచ్చే జీతం వదిలేశావటే అని ముక్కున వేలేసుకుని, వెళ్తూ వెళ్తూ ఒక స్టూలు అడిగి పట్టుకెళ్లారు. ఎస్తేరు రోజూ పొద్దున తొమ్మిదికి బల్ల దగ్గర కూర్చునేది, ల్యాబుకు వెళ్లినట్టే. మధ్యాహ్నం పేపర్లో అనంతపురం ఎండ ఎన్ని డిగ్రీలో చూసుకునేది. నలభై రెండు. నలభై మూడు. ఆవిడ అన్నం తినడం తగ్గింది.

నా వయసు చిత్రికలు చాలావరకు పొయ్యిలోకి పోయాయి. ఒకటో రెండో హోటళ్లలో గోడకు అలంకారంగా మేకులు కొట్టించుకుని వేలాడుతున్నాయని విన్నాను. నాకు ఆ రెండు గతులూ పట్టలేదు. నా అడుగు సగం అరిగింది. ఎస్తేరు ఏడాదికోసారి దాన్ని సాపు చేస్తుంది, సాపు చేసినప్పుడల్లా కొంచెం తగ్గుతాను. ఇలాగే తగ్గుతూ పనిలోనే అయిపోతానని నాకు నమ్మకం కుదిరింది. అప్పుడు మాత్రం నా ఆలోచనంతా ఒకటే, అనంతపురంలో ఆ మంచం మీద ఏం జరుగుతోందోనని.

రోహిణి కార్తె దాటిన మర్నాడు పదింటికి ఫోను మోగింది. సంసోనుకు ఆ రోజు సెలవు, అక్కడే టీ తాగుతున్నాడు. ఎస్తేరు ఫోను మీద పేరు చూసింది, ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"ఎత్తవే, మాస్టారు కాసుకునున్నారు," అన్నాడు సంసోను.

స్పీకరు నొక్కి, ఫోను బల్ల మీద నా పక్కనే పెట్టింది. అవతల హలో లేదు, క్షేమాలు లేవు. అన్నిటికంటే లావు తీగ ఒక్కటే మోగింది, నింపాదిగా. అది ఆగేదాకా ఆగి, రెండోది. తర్వాత మూడోది. పగిలిన పలక అయితే తీగ వెనకాల జుయ్‌మని ఒక ఈగ గొంతు వినిపిస్తుంది. ఎస్తేరు తల ఒక పక్కకు వంచి దాని కోసం వింది. నేనూ విన్నాను. ఆరో తీగ కూడా మోగింది. ఈగ లేదు. అప్పుడు నూర్ అహ్మద్ వాయించడం మొదలుపెట్టాడు, నెమ్మదిగా మొదలై ఇల్లంతా నిండిపోయేదాకా. సంసోను టీ చల్లారిపోయింది.

"విన్నావామ్మా?" అన్నాడు మాస్టారు ఆఖరికి.

"విన్నానండి," అంది ఎస్తేరు.

"నా శిష్యులు ముగ్గురు కావల్లంటాండారు. ఎప్పటికిస్తావని చెప్పల్ల?"

ఎస్తేరు పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. బీరువా తలుపు తీసి మీటరు చూసింది, పలకను తీసి తట్టి వింది, మళ్లీ లోపల పెట్టింది. తర్వాత ఫోను దగ్గరికి వచ్చింది.

"ఆగమనండి మాస్టారూ," అంది. "చెక్క ఆరాలి."